కడప నుంచి కర్నూలుకు విమానంలో ఎంతసేపు? దూరం, టైము మనమే లెక్కగట్టుకునే పద్ధతి

మొన్న ప్రొద్దుటూరు పక్క నుంచి ఒక పెద్దాయన మా టికెట్ల షాపుకు వచ్చాడు. కూతురు కర్నూల్లో ఉందట. చేతిలో ఫోను, ఫోన్లో మనవడు పెట్టించి పంపిన ఒక పేజీ. దాంట్లో కడప నుంచి కర్నూలుకు విమాన ప్రయాణం 11 నిమిషాలు అని ఉంది. "ఈ పదకొండు నిమిషాల దానికి రెండు టికెట్లు కొట్టు నాయనా" అన్నాడు. అట్లాంటి విమానం లేదు పెద్దాయనా అంటే నమ్మలేదు. "లేకుంటే టైము ఎట్ల రాస్తారప్పా?" అన్నాడు.

మంచి ప్రశ్నే. ఆ పేజీలో ఉన్నది విమానం టైము కాదు, ఒక భాగహారం. రెండు విమానాశ్రయాల మధ్య గీత గీసి, ఆ కిలోమీటర్లను పెద్ద జెట్ విమానం వేగంతో, అంటే గంటకు 800 కిలోమీటర్ల లెక్కన భాగించారు. 148ని 800తో భాగిస్తే గంటలో ఐదో వంతు కన్నా తక్కువే, 11 నిమిషాలు. రన్‌వే మీద నడక, పైకెక్కడం, కిందికి దిగడం ఏదీ లెక్కలో లేదు. అసలు ఆ దారిలో సర్వీసు ఉందా లేదా అన్నది ఆ పేజీకి పట్టదు.

రోజూ టికెట్లు కొట్టే పని నాది. ఇలాంటి పేజీలు చూసి వచ్చేవాళ్లు వారానికి నలుగురైనా తగులుతారు. అందుకే సొంతంగా లెక్కగట్టుకునే దారి రాస్తున్నా. హైస్కూలు లెక్కలు చాలు, ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంటే ఇంకా సులువు. ఉదాహరణకు కడప, కర్నూలునే తీసుకుంటా. ఆ తర్వాత నిజంగా విమానాలు తిరిగే దారుల్లో పెట్టి చూద్దాం.

మొదట: ఏ విమానాశ్రయమో తేల్చుకోండి

ఊరి పేరుతో వెతకొద్దు, కోడ్‌తో వెతకండి. ప్రతి విమానాశ్రయానికీ టికెట్టు మీద కనిపించే మూడక్షరాల కోడ్ ఉంటుంది. కడపది సీడీపీ. మన ఊరి పేరును ఇంగ్లీషులో 'సీ'తో మొదలుపెట్టి రాసే కాలం నాటి గుర్తు అది. 2005లో స్పెల్లింగ్ మారినా కోడ్ మాత్రం అట్లే ఉండిపోయింది. కర్నూలుది కేజేబీ. పైలట్లు, కంట్రోల్ టవర్ వాళ్లు వాడేవి నాలుగక్షరాల కోడ్‌లు. కడపకు వీఓసీపీ, కర్నూలుకు వీఓకేయూ. మనకు మొదటిది చాలు.

కర్నూలు విమానాశ్రయం కర్నూల్లో లేదు, నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు దగ్గర ఉంది. ఊరి నుంచి దాదాపు 20 కిలోమీటర్లు. 2021 మార్చి 25న ప్రారంభించి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. అదే నెల 28 నుంచి బెంగళూరు, విశాఖ, చెన్నైలకు సర్వీసులు మొదలయ్యాయి. కడప విమానాశ్రయం ఊరికి వాయవ్యంగా, దగ్గరలోనే ఉంది. కొత్త టెర్మినల్‌తో 2015 జూన్ 7న తెరుచుకుంది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు విమానాలు నడిపేందుకు కేంద్రం సాయమిచ్చే ఉడాన్ పథకం కింద దేశంలో మొట్టమొదట మొదలైన మూడు దారుల్లో కడప–హైదరాబాద్ ఒకటి. మిగతా రెండు సిమ్లా–ఢిల్లీ, నాందేడ్–హైదరాబాద్. ఈ సంగతి మన జిల్లాలోనే చాలామందికి తెలీదు.

రెండోది: అక్షాంశ, రేఖాంశాలు పట్టుకోండి

ఇవే మన లెక్కకు ముడిసరుకు. ఫోన్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, రన్‌వే నడిమధ్యలో వేలు నొక్కిపెట్టండి. ఎర్ర పిన్ను పడుతుంది, రెండు సంఖ్యలు కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, అంటే భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉన్నామన్నది. రెండోది రేఖాంశం. కంప్యూటర్లో అయితే కుడి క్లిక్ చేస్తే పైనే కనిపిస్తాయి.

మన వాళ్లు ఎక్కువగా తిరిగే చోట్లవి నేను రాసి పెట్టుకున్నా. రెండు దశాంశాల వరకు చాలు, ఒక కిలోమీటరు అటూ ఇటూ అయినా మన పనికి ఇబ్బంది లేదు.

కడప: 14.51, 78.77
కర్నూలు (ఓర్వకల్లు): 15.71, 78.16
తిరుపతి (రేణిగుంట): 13.63, 79.54
బెంగళూరు (దేవనహళ్లి): 13.20, 77.71
హైదరాబాద్ (శంషాబాద్): 17.24, 78.43
విజయవాడ (గన్నవరం): 16.53, 80.80
విశాఖపట్నం (ఊళ్లో ఉన్న పాత విమానాశ్రయం): 17.72, 83.22
చెన్నై (మీనంబాక్కం): 12.99, 80.17

ఇక్కడ చాలామంది పడే గుంత ఒకటుంది. కొన్ని పేజీల్లో ఇవే అంకెలు డిగ్రీలు, నిమిషాల్లో ఉంటాయి. కడపకు 14 డిగ్రీల 30 నిమిషాలు, 78 డిగ్రీల 46 నిమిషాలు అని రాసుంటుంది. దాన్ని చూసి 14.30, 78.46 అని కొట్టేస్తారు. నిమిషాలంటే అరవైలో భాగాలు కదా, వందలో కాదు. 30 నిమిషాలంటే అర డిగ్రీ, అంటే 14.50. 46ని 60తో భాగిస్తే 0.77. తప్పుగా కొడితే పిన్ను విమానాశ్రయం మీద కాకుండా 40 కిలోమీటర్ల అవతల వేంపల్లె దగ్గర పొలాల్లో పడుతుంది. నేను కూడా మొదట్లో ఈ తప్పు చేసి, కడప–తిరుపతి దూరం ఎందుకు ఇంత ఎక్కువ వస్తోందా అని అరగంట తల పట్టుకున్నా. లెక్క మొదలుపెట్టే ముందు ఆ రెండంకెలను ఒకసారి మ్యాప్‌లో కొట్టి, పిన్ను రన్‌వే మీదే పడుతోందా అని చూసుకోండి.

మూడోది: గీత పొడవు కట్టండి

ఒక డిగ్రీ అక్షాంశం అంటే 111 కిలోమీటర్లు. ఇది ఎక్కడైనా దాదాపు అంతే. విమానాల వాళ్లు, ఓడల వాళ్లు వాడే నాటికల్ మైలు ఇందులోంచే పుట్టింది. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు.

రేఖాంశం సంగతి వేరు. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లే ఉన్నా, ఉత్తరానికి పోయే కొద్దీ గీతలు దగ్గరపడతాయి, ధ్రువం దగ్గర కలిసిపోతాయి. పనసకాయ తొనలు మధ్యలో వెడల్పుగా ఉండి కొసల్లో సన్నబడినట్టు. మన సీమ ఉన్నది 15 డిగ్రీల దగ్గర కాబట్టి ఇక్కడ ఒక డిగ్రీ రేఖాంశానికి 107 కిలోమీటర్లు వేసుకోవాలి. చెన్నై దగ్గర 108, విశాఖ దగ్గర 106 వస్తుంది. ఆ తేడాతో మనకు పని లేదు. 111, 107, ఈ రెండూ గుర్తుంటే చాలు.

ఇప్పుడు కడప, కర్నూలు. అక్షాంశాల తేడా 15.71 నుంచి 14.51 తీసేస్తే 1.20. దాన్ని 111తో గుణిస్తే 133 కిలోమీటర్లు. అంటే కర్నూలు విమానాశ్రయం కడప కన్నా అంత ఉత్తరాన ఉంది. రేఖాంశాల తేడా 78.77 నుంచి 78.16 తీసేస్తే 0.61. దాన్ని 107తో గుణిస్తే 65 కిలోమీటర్లు, పడమటికి. ఒకటి నిలువు, ఒకటి అడ్డం. మనకు కావాల్సింది ఏటవాలు గీత. తొమ్మిదిలోనో పదిలోనో చదివిన పైథాగరస్ సిద్ధాంతం ఇక్కడ అక్కరకొస్తుంది. 133ని 133తో గుణిస్తే 17,689. 65ని 65తో గుణిస్తే 4,225. రెండూ కలిపితే 21,914. దాని వర్గమూలం 148. ఫోన్ క్యాలిక్యులేటర్లో వర్గమూలం బటన్ కనిపించకపోతే ఫోన్ను అడ్డంగా తిప్పండి, చాలా ఫోన్లలో అప్పుడు బయటికొస్తుంది.

148 కిలోమీటర్లు, లేదా 80 నాటికల్ మైళ్లు. భూమి గుండ్రంగా ఉంది కదా, సాపు గీత ఎట్లా పనికొస్తుందని అనుమానం రావొచ్చు. ఐదారు వందల కిలోమీటర్ల లోపు ఆ వంపు వల్ల వచ్చే తేడా రెండు మూడు కిలోమీటర్లకు మించదు. ఢిల్లీకో దుబాయ్‌కో లెక్క కట్టాలంటే మాత్రం ఈ పద్ధతి వదిలేసి మ్యాప్స్‌లోనే 'దూరం కొలవడం' అనే సదుపాయం వాడుకోండి. పిన్ను పెట్టాక కింద కనిపిస్తుంది. మీ చేతి లెక్క సరిచూసుకోవడానికీ అదే పనికొస్తుంది.

ఈ గీతను మ్యాప్‌లో చూస్తే ఒక ముచ్చట. ప్రొద్దుటూరుకు కాస్త తూర్పుగా పోయి, ఉయ్యాలవాడకు దగ్గరలో, కోవెలకుంట్లకు తూర్పు పక్కగా సాగి ఓర్వకల్లు చేరుతుంది. నరసింహారెడ్డి పుట్టిన చోటు, 1847లో ఆయన్ను ఉరితీసిన చోటు రెండూ ఆయన పేరు పెట్టుకున్న విమానాశ్రయానికి పోయే దారి పక్కనే ఉన్నాయన్నమాట.

రోడ్డు మీద ఇదే ప్రయాణం 40వ నంబరు జాతీయ రహదారిలో మైదుకూరు, చాగలమర్రి, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా. ఊరి నుంచి ఊరికి 200 కిలోమీటర్లు దాటుతుంది. మన పక్క కొండలు, ఏర్లు అడ్డం కాబట్టి రోడ్డు దూరం గాలి దూరానికి ఒకటింబావు నుంచి దాదాపు ఒకటిన్నర రెట్ల దాకా ఉంటుంది. కడప–హైదరాబాద్ గాలి దూరం 305, రోడ్డు మీద నాలుగొందల పైనే. మీ లెక్క ఈ కొలతకు మరీ దూరంగా వస్తే అంకెల్లో ఎక్కడో పొరపాటు పడిందని అర్థం.

నాలుగోది: ఏ విమానమో చూడండి

టైము లెక్కలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. కడపలోనైనా ఓర్వకల్లులోనైనా రన్‌వే 2,000 మీటర్లు. ఇక్కడ తిరిగేవి ఎక్కువగా ఏటీఆర్ 72 రకం విమానాలు. రెక్కల ముందు పంకాలు తిరుగుతుంటాయి చూడండి, అవి. డెబ్బై ఎనభై లోపు సీట్లు. ఎంత తొందరపడినా గంటకు 500 కిలోమీటర్ల చిల్లర. మామూలుగా 480 వేసుకోండి. హైదరాబాద్, బెంగళూరు, విశాఖ మధ్య తిరిగే ఎయిర్‌బస్ 320 లాంటి జెట్ అయితే గంటకు 800 దాటుతుంది. పేజీలో 11 నిమిషాలు వచ్చింది ఆ జెట్ వేగం పట్టుకున్నందుకే.

పంకాల విమానమని చిన్నచూపు చూడొద్దు. 300 కిలోమీటర్ల దూరంలో జెట్‌కూ దీనికీ తేడా పది, పదిహేను నిమిషాలే. చిన్న దారిలో జెట్ పైకెక్కి వేగం అందుకునేలోపే దిగే టైము అవుతుంది. పైగా ఏటీఆర్ తాగే ఇంధనం చాలా తక్కువ. నా మటుకు నాకు అదే ఇష్టం. జెట్ కన్నా తక్కువ ఎత్తులో పోతుంది కాబట్టి ఆకాశం తెరిపిగా ఉంటే నల్లమల, పెన్నా ఇసుక తిన్నెలు కళ్లకు కనిపిస్తాయి.

టికెట్టు కొట్టేటప్పుడు విమానం రకం అక్కడే చిన్న అక్షరాల్లో ఉంటుంది. 'ఏటీఆర్' అనో 'ఏటీ7' అనో ఉంటే పంకాలది. 320, 321 అని ఉంటే జెట్.

ఐదోది: ఎనిమిది, ఎనిమిది, ముప్పై

ఇది నేను షాపులో వాడే సూత్రం. ఏ పుస్తకంలోదీ కాదు. చాలా టికెట్ల టైములతో పోల్చి చూసుకుంటూ నాకు కుదిరింది.

గీత పొడవుకు వందకు ఎనిమిది కలపండి. దాన్ని ఎనిమిదితో భాగించండి. వచ్చినదానికి ముప్పై నిమిషాలు కలపండి. అంతే.

మొదటి ఎనిమిది ఎందుకంటే, విమానం గీత మీద పోదు. గాలిలోనూ దార్లుంటాయి. రన్‌వే ఏ దిక్కుకు ఉంటే ఆ దిక్కుకే ఎగరాలి, ఆ దిక్కు నుంచే దిగాలి. కడప రన్‌వే కొంచెం ఏటవాలుగా తూర్పు పడమరలకు ఉంది. ఉత్తరాన హైదరాబాద్ నుంచి వచ్చేది నేరుగా వచ్చి వాలిపోలేదు, చుట్టు తిరిగి రన్‌వేకు ఎదురు రావాలి. శంషాబాద్ లాంటి రద్దీ చోట వరసలో నిలబెడతారు కూడా. అందుకే వందకు ఎనిమిది. రెండో ఎనిమిది ఏటీఆర్ వేగం. గంటకు 480 కిలోమీటర్లంటే నిమిషానికి 8.

ముప్పై నిమిషాల్లో చాలా సంగతులున్నాయి. టికెట్టు మీద రాసే టైము గాల్లో ఉండే టైము కాదు. విమానం నిలబడ్డ చోట చక్రాల కింది అడ్డుకట్టలు తీసి కదిలిన క్షణం నుంచి, అవతలి ఊళ్లో ఆగి మళ్లీ అడ్డుకట్టలు పెట్టేదాకా. దీన్నే బ్లాక్ టైమ్ అంటారు. కదిలాక రన్‌వేకు చేరడానికి ఐదు పది నిమిషాలు. రన్‌వే పక్కన విమానం నడిచే వేరే దారి (ట్యాక్సీవే) లేని చిన్న చోట్ల విమానం రన్‌వే మీదే చివరిదాకా నడిచి, అక్కడ వెనక్కి తిరిగి, అప్పుడు పరుగు అందుకుంటుంది. మొదటిసారి ఎక్కినవాళ్లు "ఇంకా ఎగరదేం?" అని కిటికీలోంచి చూసేది ఆ ముచ్చటే. పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ పూర్తి వేగం ఉండదు, అక్కడ ఓ ఎనిమిది నిమిషాలు పోతాయి. దిగాక నడక ఇంకో ఐదు పది. మిగిలింది సంస్థలు జాగ్రత్తకు వేసుకునే ఐదారు నిమిషాలు. అందుకే కొన్నిసార్లు ఆలస్యంగా బయలుదేరిన విమానం టైముకే చేరినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు పెట్టి చూడండి. కడప–హైదరాబాద్ 305 కిలోమీటర్లు. ఎనిమిది శాతం కలిపితే 330. ఎనిమిదితో భాగిస్తే 41. ముప్పై కలిపితే 71 నిమిషాలు, గంటా పది అనుకోండి. కర్నూలు–బెంగళూరు 283 కిలోమీటర్లకు గంటా ఎనిమిది నిమిషాలు వస్తుంది. కడప–చెన్నై 226, సరిగ్గా గంట. కడప–విజయవాడ 312, గంటా పన్నెండు. కర్నూలు–విశాఖ 585 కిలోమీటర్లు, గంటా యాభై. టికెట్టు మీద ఐదు పది నిమిషాలు అటూ ఇటూ ఉండొచ్చు. అరగంట తేడా వస్తే మాత్రం మధ్యలో ఎక్కడో ఆగే సర్వీసేమో చూసుకోండి.

జెట్‌కు అయితే నిమిషానికి 13 కిలోమీటర్లు కాబట్టి, ఎనిమిది శాతం కలిపాక 13తో భాగించి, చివర్లో ముప్పై ఐదు కలపండి. హైదరాబాద్–విశాఖ 510 కిలోమీటర్లకు ఆ లెక్కన గంటా పదిహేను, గంటా ఇరవై మధ్య వస్తుంది.

మరి మన పెద్దాయన కడప–కర్నూలు? 148కి ఎనిమిది శాతం కలిపితే 160. భాగిస్తే 20. ముప్పై కలిపితే 50 నిమిషాలు. సర్వీసు ఉంటే టికెట్టు మీద పడే టైము అది. పదకొండు ఎక్కడ, యాభై ఎక్కడ!

గాలి సంగతి

ఒకే దారి పోయేటప్పుడు ఒక టైము, వచ్చేటప్పుడు ఇంకో టైము ఉండటం చూసి తప్పు పడిందనుకుంటారు. ఎదురుగాలి, వెనుకగాలి తేడా అది. విమానం వేగం అనేది గాలితో పోల్చి చెప్పేది, నేలతో కాదు. గంటకు 40 కిలోమీటర్ల పడమటి గాలి వీస్తోందనుకోండి. కర్నూలు నుంచి విశాఖకు పోయేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, నేల మీద వేగం 520 అవుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఎదురుకొట్టి 440కి పడిపోతుంది. 585కు ఎనిమిది శాతం కలిపితే వచ్చే 630 కిలోమీటర్ల దారిలో పోయేటప్పుడు 73 నిమిషాలు, వచ్చేటప్పుడు 86. పదమూడు నిమిషాల తేడా. నైరుతి రుతుపవనాల రోజుల్లో మన ఏటీఆర్లు తిరిగే ఎత్తుల్లో పడమటి గాలులు ఉంటాయి కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి. కడప–హైదరాబాద్ లాంటి ఉత్తర దక్షిణ దారుల్లో ఆ గాలి పక్క నుంచి తగులుతుంది, టైము మీద ప్రభావం తక్కువ.

ఆరోది: లెక్కను నిజంతో సరిచూసుకోండి

విమానాలు ఎక్కడున్నాయో చూపించే యాప్‌లు ఉన్నాయి కదా, ఫ్లైట్‌రాడార్24 లాంటివి. సర్వీసు నంబరు కొడితే ముందు రోజుల్లో ఎన్నింటికి ఎగిరింది, ఎన్నింటికి దిగింది అన్నీ కనిపిస్తాయి. వారం రోజులవి చూస్తే చాలు, ఆ సర్వీసు నడవడి తెలిసిపోతుంది. ఒకటే జాగ్రత్త. కొన్నిచోట్ల టైము యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటిగా వాడే టైములో ఉంటుంది. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన టైము. 4:30 అని ఉంటే మనకు పొద్దున పది. ఇది తెలీక తెల్లవారుజామున మూడింటికే లేచి బయలుదేరిన పార్టీ ఒకటి నాకు తెలుసు.

సర్వీసు ఉందో లేదో మాత్రం ఎప్పటికప్పుడు సంస్థల సొంత సైట్లలోనే చూడాలి. మన దేశంలో విమానాల టైమ్‌టేబుల్ ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబరు ఆఖరి శనివారం దాకా వేసవి షెడ్యూలు, మిగతాది శీతాకాలం షెడ్యూలు. చిన్న ఊళ్ల సర్వీసులు ఆ మార్పుల్లోనే వస్తుంటాయి, పోతుంటాయి. పైగా అన్నీ రోజూ ఉండవు, వారంలో ఏ రోజులో చూసుకోవాలి. పోయినేడు ఎక్కాం కదా అని ఈ ఏడు పెళ్లి ముహూర్తం దాని మీద పెట్టుకోవద్దు.

ఏడోది: గడప నుంచి గడపకు

బ్లాక్ టైమ్ తెలిస్తే సగం పనే అయింది. ఇంట్లో చెప్పులేసుకున్నప్పటి నుంచి అవతలి ఇంట్లో చెప్పులిడిచేదాకా ఎంత అన్నదే అసలు లెక్క. లోకల్ విమానాలకు చెకిన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. గేటు ఇరవై ఐదు నిమిషాల ముందు మూస్తారు. కాబట్టి చిన్న విమానాశ్రయమైనా గంటన్నర ముందు అక్కడ ఉండాలి. "మన కడపే కదా, ఎవరుంటారు" అని ఆఖరి నిమిషంలో పోయి గేటు బయట నిలబడ్డవాళ్లను చూశా.

కడప–కర్నూలు విమానం ఉందనే అనుకుందాం. ఇంటి నుంచి విమానాశ్రయానికి అరగంట. అక్కడ గంటన్నర. ప్రయాణం 50 నిమిషాలు. దిగి బయటికి రావడానికి పావుగంట. ఓర్వకల్లు నుంచి కర్నూలుకు అరగంట. మొత్తం మూడు గంటల 35 నిమిషాలు. కారులో నేరుగా పోయినా అంతే పడుతుంది! బస్సుకు ఇంకో గంట ఎక్కువ. ఈ దారిలో విమానం ఎందుకు లేదో ఈ కూడికే చెబుతుంది. 2016లో వచ్చిన ఉడాన్ పథకం మొదటి నిబంధనల్లోనూ కొండ ప్రాంతాలు, దీవుల్లాంటివి వదిలేస్తే సాయం ఇచ్చేది 200 నుంచి 800 కిలోమీటర్ల మధ్య దారులకే. మన 148 ఆ కింది గీతను కూడా దాటలేదు.

కడప–విశాఖకు పెట్టి చూస్తే కథ తిరగబడుతుంది. హైదరాబాద్‌లో మారి పోయేట్టయితే ఇంటి నుంచి అరగంట, ముందు ఉండేది గంటన్నర, కడప–హైదరాబాద్ గంటా పది, శంషాబాద్‌లో రెండు గంటలు, అక్కణ్నుంచి గంటా ఇరవై, దిగి ఇల్లు చేరడానికి గంట. ఏడున్నర గంటలు. తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో అయితే రాత్రంతా ప్రయాణం, మర్నాడే దిగడం. ఇక్కడ విమానం డబ్బుకు తగ్గ పని చేస్తుంది.

ఇలా మారి పోయే ప్రయాణాల్లో రెండు ముక్కలూ ఒకే పీఎన్ఆర్ మీద కొట్టించుకోండి. మా తోడల్లుడికి నేనే ఒకసారి వెయ్యి రూపాయలు మిగులుతాయని రెండు వేర్వేరు టికెట్లు కొట్టా, మధ్యలో గంటా పావు ఎడం పెట్టి. మొదటి విమానం యాభై నిమిషాలు లేటు. రెండోది పోయింది. ఏ సంస్థ అని చెప్పడం అనవసరం, తప్పు నాది. వేరే పీఎన్ఆర్ కాబట్టి వాళ్ల బాధ్యత లేదు, డబ్బు తిరిగి రాలేదు. మిగిల్చిన వెయ్యికి ఆరు వేలు పోయాయి. ఆ సంగతి ఇప్పటికీ పండగలకు భోజనాల దగ్గర లేస్తుంది.

ఇంకో చిన్న మాట. బ్లాక్ టైమ్ రెండున్నర గంటల లోపుండే సర్వీసు రెండు గంటలు, ఆ పైన ఆలస్యమయ్యేట్టుంటే, టైముకు చెకిన్ చేసినవాళ్లకు తినడానికి, తాగడానికి సంస్థే ఇవ్వాలని విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. మన దారులన్నీ ఆ రెండున్నర గంటల లోపువే. వాళ్లు ఇచ్చేదాకా ఆగొద్దు, కౌంటర్ దగ్గరికి పోయి అడగండి.

అనంతపురం వాళ్లకు

అనంతపురంలో సర్వీసులు తిరిగే విమానాశ్రయం లేదు. పుట్టపర్తిలో రన్‌వే ఉంది, 1990 నుంచీ ఉంది, కానీ అది సత్యసాయి ట్రస్టుది. అక్కడికి మామూలు సర్వీసులను నమ్ముకొని ప్లాన్ వేసుకోవడం కుదరదు. మ్యాప్‌లో దగ్గరగా కనిపించి మోసం చేసేది ఇదే.

మీకు అసలైన విమానాశ్రయం దేవనహళ్లి. బెంగళూరు విమానాశ్రయం ఊరికి ఉత్తరాన, మన వైపే ఉంది. 44వ నంబరు జాతీయ రహదారిలో బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటాక బెంగళూరు ట్రాఫిక్‌లోకి దిగకుండానే వస్తుంది. మూడు గంటలు, మూడుంబావు వేసుకోండి. ఓర్వకల్లు కూడా రోడ్డు మీద దాదాపు అంతే దూరం, కానీ అక్కడ సర్వీసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దేవనహళ్లిలో ఒకటి తప్పితే ఇంకోటి దొరుకుతుంది. గుత్తి, తాడిపత్రి వాళ్లకు మాత్రం విశాఖకు ఓర్వకల్లు నుంచి నేరుగా సర్వీసు ఉన్న రోజుల్లో అది లాభమే. అక్కడ పైన చెప్పిన ఏడో లెక్క రెండు దారులకూ వేసి చూసుకోండి. కాగితం మీద రెండు వరుసలు, పది నిమిషాల పని.

పెద్దాయనకు ఈ కూడిక అంతా టికెట్టు వెనక రాసి చూపించా. మూడు గంటల 35 నిమిషాలు అన్న చోట వేలు పెట్టి కాసేపు ఆగాడు. తర్వాత ఫోను జేబులో పెట్టుకొని, "అయితే బస్సుకే కొట్టు. కిటికీ పక్కన ఇయ్యి. నంద్యాలలో టీకి ఆపుతాడు గదా?" అన్నాడు.